మాజూన్ కంటే ముందు ఒక కాగితం

కెంచనగుడ్డ నుంచి ఒక సోదరి మన శీర్షికకు ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. కాబట్టి ఆపా అనే పిలుచుకుందాం. ఆమె పెద్దమ్మాయిని ఆదోనిలో ఇచ్చారు. అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల, తొలి కాన్పు. సెప్టెంబరు మొదటి వారంలో నెలలు నిండుతాయని డాక్టరమ్మ చెప్పారట. ఏడో నెలలో సత్వాసా చేసి పుట్టింటికి తెచ్చుకోవాలని ఆపా ఆశ. అల్లుడు సౌదీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆదోనిలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది.

ఆపా మూడు ప్రశ్నలు అడిగారు. ఒకటి, సుఖప్రసవానికి మంచి మాజూన్ ఏది? రెండు, "బళ్ళారిలో బాలింతలు పోయినప్పటి నుంచి ఆసుపత్రి పేరెత్తితేనే గుండె దడదడలాడుతోంది హకీం సాబ్, మా ఊళ్ళోనే దాయీతో ఇంట్లో చేయించవచ్చా?" మూడు, కాన్పయిన తర్వాత హరీరా, అచ్వానీ ఎప్పటి నుంచి ఇవ్వాలి?

ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా ఒక నుస్ఖా రాసి ముగిస్తే చదివేవారికీ సంతోషం, రాసేవారికీ సులువు. కానీ ఈ ఉత్తరంలో ఆపా అడగని ప్రశ్న ఒకటుంది. అర్ధరాత్రి అమ్మాయికి రక్తస్రావం మొదలైతే "పదండి, బయలుదేరండి" అని అనే అధికారం ఆ ఇంట్లో ఎవరిది? అల్లుడు సౌదీలో. అత్తగారు ఆదోనిలో. అబ్బాజాన్ పొలంలోనో, రైస్ మిల్లులోనో, మస్జిదులోనో. ఆపా చేతిలో ఫోను ఉంటుంది, ఎవరికి చేయాలో తెలియదు. అందుకే ఈ వారం మాజూన్ కంటే ముందు ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం.

భయం అబద్ధం కాదు

ముందు రెండో ప్రశ్న. ఆపా భయం ఉత్త భయం కాదు. 2024 నవంబరులో బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ జరిగిన బాలింతల్లో అయిదుగురు కొద్ది వారాల వ్యవధిలో కన్నుమూశారు. వారికి ఎక్కించిన రింగర్ లాక్టేట్ సెలైన్ నాణ్యత మీద అనుమానాలు వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీ సెలైన్ వాడకాన్ని ఆపించింది, ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేసింది. ఆ అయిదు ఇళ్ళలో పసిబిడ్డలు తల్లి లేకుండా మిగిలారు. ఇది జరిగిన జిల్లాలో, అదే తాలూకా బస్సుల్లో తిరిగే ఒక తల్లి భయపడటంలో తప్పేముంది? ఆ భయాన్ని "అజ్ఞానం" అని కొట్టిపారేసే వాళ్ళతో నేను ఏకీభవించను.

అయితే ఆపా, ఆ భయం మిమ్మల్ని ఏ గుమ్మం వైపు తోస్తోందో చూడండి. ఇంట్లో కాన్పులో సెలైన్ ఉండదు. నిజమే. కానీ రక్తం ఆగకపోతే ఆపే ఇంజెక్షనూ ఉండదు, ఎక్కించే రక్తమూ ఉండదు. కాన్పు తర్వాత మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే రక్తం ధారగా పోతుంది. అలాంటి రక్తస్రావానికి వైద్యం అందకపోతే రెండు గంటల్లోపే ప్రాణం మీదికి రావచ్చు. మీ అమ్మాయి రక్తం ముందే 8.6. మామూలు మనిషి తట్టుకునే నష్టాన్ని ఆమె తట్టుకోలేదు. 11 కంటే తక్కువ ఉంటే గర్భిణికి రక్తహీనత అంటారు, 7 కంటే తక్కువైతే తీవ్రమైనది అంటారు. ఆమె మధ్యలో ఉంది. ఈ ఒక్క అంకె చాలు, ఇంట్లో కాన్పు వద్దని నేను చెప్పడానికి.

మన తిబ్బ్ కూడా ఇదే చెబుతుంది. కొర్డోబా హకీం అబుల్ ఖాసిం జహ్రావీ తన 30 భాగాల అత్తస్రీఫ్ గ్రంథంలో చివరి భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించారు. అందులో కష్టమైన కాన్పుల్లో దాయీలు ఏం చేయాలో వివరంగా రాశారు, వాడాల్సిన పరికరాల బొమ్మలు గీయించారు. ఆయన కాలం 936 నుంచి 1013. అంటే వెయ్యేళ్ళ కిందటే మన హకీములకు ఒక సంగతి స్పష్టంగా తెలుసు: కొన్ని కాన్పులు దువాతో పాటు చేతిపనీ, పనిముట్టూ కోరతాయి. "మా నానీ పదకొండు మందిని ఇంట్లోనే కన్నది" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. కాన్పులో పోయిన నానీల కథ చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

దాయీని వద్దనుకోమని నేను అనడం లేదు. ఆమెకు ఆసుపత్రిలోనే ఒక మంచి స్థానం ఉంది. ప్రసూతి గదిలో గర్భిణి పక్కన ఆమెకు నచ్చిన ఒక స్త్రీ ఉండటానికి 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అనుమతించింది. ఆమె స్వయంగా కాన్పు అనుభవం ఉన్న మహిళ అయితే మరీ మంచిదన్నారు. ఈ సంగతి మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు. పరదా ఎలాగ, పరాయివాళ్ళ మధ్య అమ్మాయి ఒంటరిగా ఎలాగ అని మథనపడి, ఆ కారణంతోనే ఆసుపత్రి వాయిదా వేసిన ఇళ్ళున్నాయి. నెల ముందే ఆసుపత్రికి వెళ్ళి "మా అమ్మాయితో నేనుంటాను, లేదా ఈ దాయీ అమ్మ ఉంటుంది" అని నర్సమ్మతో మర్యాదగా మాట్లాడి పెట్టుకోండి. లేడీ డాక్టరు ఏ రోజుల్లో ఉంటారు, రాత్రి డ్యూటీలో ఎవరుంటారు అన్నదీ అప్పుడే తెలుస్తుంది. నొప్పుల మధ్యలో అడిగితే ఎవరికీ జవాబు చెప్పే తీరిక ఉండదు.

నడుము నిమరడం, ధైర్యం చెప్పడం, గుక్కెడు నీళ్ళు తాగించడం, కలిమా చదివి వినిపించడం దాయీ అమ్మ చేయాల్సిన పనులు. పొట్ట మీద నొక్కడం, ఎక్కడో దొరికిన నొప్పుల సూదిమందు వేయించడం మాత్రం ఎవరు చేసినా ప్రమాదమే. గర్భసంచి చిట్లిన సందర్భాలున్నాయి.

ఇక బళ్ళారి సంగతి. అలాంటిది మళ్ళీ జరగకుండా చూడాల్సింది ప్రభుత్వమే, ఇంటివాళ్ళు కాగితం రాసుకుంటే సెలైన్ సీసా శుభ్రమైపోదు. ఇంటివాళ్ళు చేయగలిగింది అడగడం. సిజేరియన్ అంటే "ఎందుకు కావాలి? బిడ్డకా, తల్లికా ప్రమాదం? కొంచెం ఆగే వీలుందా?" అని అడగండి. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమోనని భయపడకండి. అవసరమైన ఆపరేషన్‌ను మాత్రం భయంతో ఆలస్యం చేయకండి. ఆపరేషన్ తర్వాత మూత్రం రావడం తగ్గినా, ఊపిరి ఆడకపోయినా, జ్వరం వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా వెంటనే నర్సును పిలవండి. పక్కన కూర్చున్న తల్లి కళ్ళకు ఇవి ముందుగా కనిపిస్తాయి.

మూడు ఆలస్యాలు

కాన్పులో తల్లులు ఎందుకు చనిపోతున్నారని పరిశీలించిన సెరీన్ థడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 1994లో ఒక మాట చెప్పారు. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే పట్టుకుని పనిచేస్తోంది. ప్రాణం తీసేది మూడు ఆలస్యాలట. ఆసుపత్రికి వెళ్ళాలని ఇంట్లో నిర్ణయించడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం.

2018-20 మధ్య లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు కర్ణాటకలో 69 మంది తల్లులు చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, కేరళలో 19. దక్షిణాదిలో కర్ణాటకదే ఎక్కువ. 2019-21 నాటికి అది 63కు తగ్గింది, ఆంధ్రలో 46. సరిహద్దుకు అటూ ఇటూ తేడా ఉందన్నమాట. కానీ కాగితం మీది సరిహద్దు కంటే ఇంట్లోని గడప పెద్దది. మొదటి ఆలస్యం అక్కడే.

మన ఇళ్ళలో ఈ మొదటి ఆలస్యానికి మంచి పేర్లున్నాయి. అదబ్ అంటాం. లిహాజ్ అంటాం. "పెద్దవాళ్ళను అడక్కుండా ఎలా?" "దూల్హా మియాకు ఒక్క మాట చెప్పకుండా ఎలా?" "అత్తగారు ఏమనుకుంటారో?" ఈ మర్యాదలు పెళ్ళిళ్ళలో ముచ్చటగా ఉంటాయి. రక్తం పోతున్నప్పుడు పనికిరావు. సౌదీలో అల్లుడు డ్యూటీలో ఉండి ఫోను ఎత్తకపోవచ్చు. ఆదోనిలో వియ్యపురాలు "నొప్పులు అప్పుడే ఎక్కడివి, సూదకపు నొప్పులై ఉంటాయి, తెల్లారనివ్వండి" అనవచ్చు. ఆమె చెడ్డదై అనదు, ఆమె కాన్పుల్లో అలాగే జరిగింది కాబట్టి అంటుంది.

కాబట్టి అల్లుడు ఈసారి ఫోను చేసినప్పుడు, వియ్యపురాలు ఎదుట ఉండగా, ఒక్క మాట అందరి ముందు ఖరారు చేసుకోండి. "అవసరం వస్తే ఎవరి అనుమతి కోసమూ ఆగము. అమ్మాయి 'నాకు బాగాలేదు' అన్నా బయలుదేరతాము. దారిలోంచి ఫోను చేస్తాము." అల్లుడి నోట "సరే అత్తయ్యా, ఆగకండి" అనే మాట అందరూ వినాలి. తర్వాత దాన్ని కాగితం మీద మొదటి పంక్తిగా రాయండి. ఆపరేషనుకు సంతకం ఎవరు పెట్టాలనే గొడవ కూడా కొన్ని ఇళ్ళలో వస్తుంది. అమ్మాయి మేజరు, స్పృహలో ఉంటే తన సంతకం తనదే. భర్త దేశంలో లేడని వైద్యం ఆగదు. ఇది కూడా అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి, తానే నిబ్బరంగా పెట్టగలుగుతుంది.

రెండు నదుల మధ్య

దారి సంగతికి వద్దాం. కెంచనగుడ్డ తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. సిరుగుప్ప తాలూకాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు అది. ఏటికి అవతల రాయచూరు జిల్లా. సిరుగుప్ప తాలూకా ఆసుపత్రి కొద్ది కిలోమీటర్ల దూరం. సిరుగుప్ప నుంచి బళ్ళారి మాత్రం 50 కిలోమీటర్లకు పైమాటే. ఆదోని వెళ్ళాలంటే వేదవతి నది దాటాలి, దాన్నే ఇక్కడ హగరి అంటారు. వేసవిలో అందులో ఇసుక తప్ప ఏమీ కనిపించదు.

సెప్టెంబరు అలా ఉండదు. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం గేట్లు ఎత్తితే ఒడ్డు పొలాల్లోకి నీళ్ళొస్తాయని ఆపాకు నేను చెప్పాలా! 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఒక్కసారిగా కిందికి వదిలిన నీటిని చూసి దిగువ ఊళ్ళు ఎంత హడలిపోయాయో గుర్తుండే ఉంటుంది. అలాంటి వారంలో నొప్పులు వస్తే ఏ దారి తెరిచి ఉంటుంది? ఇది కెంచనగుడ్డ కాన్పు కాగితంలో తప్పక రాయాల్సిన ప్రశ్న. నెలలు నిండే తేదీకి పది రోజుల ముందే, వరద సూచన ఉంటే ఇంకా ముందే, అమ్మాయిని సిరుగుప్పలోనో బళ్ళారిలోనో చుట్టాలింట్లో ఉంచే ఏర్పాటు చేసుకోండి. ఖాలా ఇల్లయినా ఫుప్పీ ఇల్లయినా, అక్కడ నుంచి ఆసుపత్రికి ఆటోలో వెళ్ళగలిగితే చాలు.

సిరుగుప్ప ఆసుపత్రిలోనే కాన్పా, లేక నేరుగా బళ్ళారికా అన్నది ఇప్పుడు నిర్ణయించకండి. హిమోగ్లోబిన్, బీపీ, స్కానింగులో మాయ ఎక్కడుందో, బిడ్డ తల కిందికి తిరిగిందో లేదో చూసి ఎనిమిదో నెలలో డాక్టరు చెబుతారు. ఈలోగా తాలూకా ఆసుపత్రిలో రెండు ప్రశ్నలు అడిగి రండి. రాత్రివేళ ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరు ఉంటారా? రక్తం నిల్వ ఉంటుందా, లేక బళ్ళారి నుంచి రావాలా? జవాబులను బట్టి మీ రెండో ఆసుపత్రి పేరు కాగితంలో రాయండి. సిరుగుప్ప నుంచి బళ్ళారికి పంపిస్తే అప్పుడు వెతుక్కునే పని ఉండకూడదు.

వాహనం: 108 రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు. కానీ ఆ రాష్ట్రం బండి ఆ రాష్ట్రానిదే. సరిహద్దు ఊళ్ళో ఉన్నవారు తమ ఊరికి బండి ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతసేపు పడుతుంది అని ఆశా అక్కను అడిగి ఉంచుకోవాలి. దానికి తోడు ఊళ్ళో కారో ఆటోనో ఉన్న ఇద్దరి నంబర్లు రాసుకోండి. అర్ధరాత్రి వస్తానని వాళ్ళతో ముందే మాట తీసుకోండి. మస్జిదులో నాలుగు మాటలు చెబితే బండి దొరకని ఊరు నేను చూడలేదు. అడగకపోవడం వల్లే దొరకదు.

రక్తం: అమ్మాయి గ్రూపు ఏమిటో ఉత్తరంలో రాయలేదు. కార్డులో ఉంటుంది, చూడండి. నెగెటివ్ అయితే డాక్టరుకు తప్పక గుర్తుచేయండి. బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి, తర్వాతి బిడ్డల కోసం. అదే గ్రూపు ఉన్న ఆరోగ్యవంతులైన ఇద్దరు ముగ్గురిని చూసి ఉంచుకోండి. అమ్మాయి అన్నదమ్ములు, చిన్నాన్న కొడుకులు ఈ ఒక్క పనికి ముందుకొస్తే చాలు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రాకపోకలు ఉచితం. అయినా చేతిలో కొంత నగదు విడిగా పెట్టుకోండి. అఖీఖా కోసం దాచిన డబ్బును అవసరమైతే ముందు అమ్మాయికి వాడండి.

కాగితాలు మాత్రం మన వాళ్ళు తేలిగ్గా తీసుకునే విషయం. అమ్మాయి పేరు ఆదోనిలో నమోదైంది, కాన్పు కర్ణాటకలో. ఆదోనిలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు, స్కానింగు రిపోర్టులు, ఆధార్ నకళ్ళు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి తెచ్చుకోండి. ఇక్కడికి రాగానే ఊరి ఆశా అక్కకు చూపించి తాయి కార్డు సంగతి అడగండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి, 2016 నుంచి జరుగుతున్నవే. వచ్చిన నెలలోనే అక్కడికి తీసుకెళ్ళండి. బిడ్డ ఎక్కడ పుడితే జనన నమోదు అక్కడే, 21 రోజుల్లోపు. సిరుగుప్పలో పుడితే సర్టిఫికెట్ కర్ణాటకది వస్తుంది, తండ్రి ఊరు ఆదోని అయినా సరే. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి రుజువు ఆ సర్టిఫికెట్టే. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. షేక్, షైక్, షేఖ్ అని మూడు చోట్ల మూడు రకాలుగా పడి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళు మనలో కొల్లలు. బిడ్డ పేరు అఖీఖా నాటికి కుదరకపోయినా పరవాలేదు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు.

ఈ కాగితం రెండు నకళ్ళు చేయండి. ఒకటి అమ్మాయి సంచిలో. ఒకటి తలుపు వెనక అంటించండి.

కాగితం కింద పెద్ద అక్షరాలతో ఇవి రాయండి. ఏ నెలలోనైనా రక్తం కనిపించడం. విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం. ఇవి గుర్రపు వాతానికి ముందు గుర్తులు కావచ్చు. ఫిట్స్. ఉమ్మనీరు పోవడం, అది పచ్చగా ఉంటే మరీ తొందర. బిడ్డ కదలిక తగ్గడం. జ్వరం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నొప్పుల కోసం చూడకూడదు. నొప్పులు అయిదు నిమిషాలకొకసారి నిలకడగా వస్తుంటే బయలుదేరాలి, ఏరు దాటాల్సి ఉంటే అంతకంటే ముందే.

ఇప్పుడు మాజూన్

మొదటి ప్రశ్నను మరచిపోలేదు ఆపా. సుఖప్రసవం ఖాయం చేసే మాజూన్ ఏదీ లేదు. ఉందని ఎవరైనా డబ్బా అమ్మితే, ముఖ్యంగా అందులో కుష్తా ఉందంటే, కొనకండి. సరిగా తయారుకాని కుష్తాల్లో లోహాలు శరీరంలో చేరి తల్లికీ బిడ్డకూ చెరుపు చేస్తాయి.

గర్భాన్ని మన హకీములు కొమ్మకున్న కాయతో పోల్చారు. లేత పిందెగా ఉన్నప్పుడూ, బాగా పండినప్పుడూ తొడిమ బలహీనం, మధ్యలోనే గట్టి. అందుకే బుఖ్రాత్ కాలం నుంచీ నాలుగో నెలకు ముందు, ఏడో నెల తర్వాత విరేచనం మందులు వద్దనే హెచ్చరిక ఉంది. తొమ్మిదో నెలలో "నొప్పులు రావాలి" అని ఆముదం పట్టించే అలవాటు ఈ హెచ్చరికకు పూర్తిగా వ్యతిరేకం. ముసబ్బర్, సుద్దాబ్, అబ్హల్ కలిసిన మందులు గర్భిణి నోట్లోకి వెళ్ళకూడదు. కలోంజీ, మెంతులు, కుంకుమపువ్వు వంటలో చిటికెడు సరే, మందుగా చెంచాలకొద్దీ వద్దు.

మీ అమ్మాయికి అసలైన మాజూన్ ఆమె హిమోగ్లోబిన్ పెరగడమే. సెప్టెంబరుకు ఇంకా నాలుగు నెలలుంది, చాలినంత సమయం. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పిన లెక్కలో మానకుండా వేసుకోవాలి. మాత్రకు గంట ముందూ తర్వాతా చాయ్ వద్దు. మన ఇళ్ళలో ఐరన్ మాత్ర పనిచేయకపోవడానికి సగం కారణం ఈ చాయే. కాల్షియం మాత్ర వేరే పూట. మాత్రతో పాటు ఉసిరికాయో నిమ్మరసమో తీసుకుంటే ఇనుము బాగా పడుతుంది. మాత్రతో మలబద్ధకం వస్తే రాత్రి నానబెట్టిన మునక్కా పది, అంజీర్ రెండు పొద్దున తినాలి. జొన్నరొట్టె, గోంగూర, పాలకూర, వేరుశనగ, మాంసం, గుడ్డు ఇంట్లో ఉన్నవే. షర్బతె ఫౌలాద్ తాగిస్తాను, మాత్ర మానేస్తాను అనకండి. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించి, అంకె పెరగకపోతే ఐరన్ ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. అమ్మాయి చాటుగా ముల్తానీ మట్టి, పలక బలపాలు తింటోందేమో కూడా కనిపెట్టండి. తిడితే దాచుకుంటుంది. అది చాలాసార్లు రక్తం తక్కువైన గుర్తు.

ఖర్జూరం గురించి మంచి కబురు ఒకటుంది. జోర్డాన్‌లో జరిగిన ఒక పరిశీలన 2011లో ప్రచురితమైంది. నెలలు నిండే ముందు నాలుగు వారాలు రోజుకు ఆరు ఖర్జూరాలు తిన్న 69 మందినీ, తినని 45 మందినీ పోల్చారు. తిన్నవారు ఆసుపత్రిలో చేరేసరికి గర్భాశయ ముఖద్వారం ఎక్కువగా తెరుచుకుని ఉంది. చిన్న పరిశీలన, దాన్ని పట్టుకుని గొప్పలు పోనక్కరలేదు. కానీ తిన్నందువల్ల నష్టం లేదు, షుగర్ ఉన్నవాళ్ళు తప్ప. చివరి నెలలో రాత్రి గోరువెచ్చని పాలలో చెంచా రోగనె బాదాం వేసుకోవడం మన పాత పద్ధతి. మలం మెత్తబడుతుంది, నిద్ర పడుతుంది.

నిద్ర అంటే గుర్తొచ్చింది. అస్బాబె సిత్తా జరూరియా అని మనం చెప్పుకునే ఆరింటిలో మనసు కదలికలు కూడా ఒకటి. గాలి, తిండి, నిద్రతో సమానంగా హకీములు దాన్ని లెక్కవేశారు. బళ్ళారి కబుర్లు, పక్కింటి కష్టమైన కాన్పు కథలు అమ్మాయి ముందు చెప్పుకోకండి. ఆసుపత్రిని ఒకసారి పగటిపూట చూపించండి. మంచం ఎక్కడ, బాత్‌రూం ఎక్కడ, నర్సమ్మ ముఖం ఎలా ఉంటుంది తెలిస్తే సగం దడ తగ్గుతుంది.

బిడ్డ పుట్టాక

బిడ్డ చెవిలో అజాన్ ఎవరు పలకాలో కూడా ఇప్పుడే అనుకోండి. ఆ సమయానికి మగవాళ్ళను లోపలికి రానివ్వకపోతే బయటికి తెచ్చేదాకా ఆగవచ్చు, లేదా నానా గారు ఫోనులో సిద్ధంగా ఉండవచ్చు. తహ్నీక్ చేసేవారు ఆరోగ్యవంతులై ఉండాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మెత్తని ఖర్జూరం పూత అంటీ అంటనట్టు ఉండాలి. తేనె మాత్రం వద్దు. ఏడాదిలోపు పసివాళ్ళకు తేనెవల్ల బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు.

ముర్రుపాలు పిండి పారబోయకండి. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. షేఖుర్రయీస్ ఇబ్నె సీనా తల్లిపాలే మేలని చెబుతూనే, కాన్పయిన మొదట్లో తల్లి మిజాజ్ కుదుటపడే వరకు వేరే స్త్రీ పాలిస్తే మంచిదని అల్ ఖానూన్‌లో రాశారు. ఈ ఒక్క సంగతిలో ఆయన మాట నిలవలేదు. ఆ పసుపుపచ్చని మొదటి పాలే బిడ్డకు మొదటి రక్షణ అని ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. గంటలోపు పట్టించాలి. ఆ తర్వాత ఆరు నెలలు ఘుట్టీ గానీ చక్కెరనీళ్ళు గానీ అక్కరలేదు.

ఇక మూడో ప్రశ్న. మామూలు కాన్పయితే, ఆకలి వేసిన వెంటనే మామూలు మెత్తని తిండి పెట్టవచ్చు. రెండో రోజు నుంచి పలచని అచ్వానీ అర కప్పు, వాము కొంచెమే వేసి. హరీరా మూడో రోజు నుంచి మొదలుపెట్టి నెయ్యి మెల్లగా పెంచండి. మొదటి రోజే గిన్నెడు నెయ్యి పోస్తే అజీర్తి తప్ప బలం రాదు. సిజేరియన్ అయితే డాక్టరు నీళ్ళు తాగవచ్చని చెప్పేదాకా ఏదీ వద్దు. ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు పలచని జావ, ఆ పైన అచ్వానీ. గోంద్ లడ్డూలు వారం దాటాక. చిల్లా నలభై రోజులూ "నీళ్ళు తాగకూడదు, చల్లదనం" అని దప్పికతో ఉంచే పద్ధతి మీ ఇంట్లో ఉంటే దాన్ని ఈసారి పక్కన పెట్టండి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, కాచి చల్లార్చిన నీళ్ళు అడిగినన్ని ఇవ్వండి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు సాగాలి.

ఆపా, అమ్మాయి బ్లడ్ గ్రూపు, వచ్చే నెల హిమోగ్లోబిన్ అంకె రాసి పంపండి.